సగం కట్టిన ఇంట్లో గృహప్రవేశం



మీ ఇంట్లో తొమ్మిదో తరగతి దాటిన పిల్లాడున్నా, ఇంజినీరింగ్ చదివే వాళ్లన్నయ్య గేమింగ్ లాప్‌టాప్ ఉన్నా, "ఎర్లీ యాక్సెస్" అన్న మాట ఈపాటికి మీ చెవిన పడే ఉంటుంది. పడకపోతే త్వరలో పడుతుంది. సాధారణంగా అది మీ ఫోనుకి డబ్బులు కట్టమని రిక్వెస్ట్ వచ్చిన సాయంత్రం పడుతుంది. "ఏంట్రా ఇది?" అని మీరంటారు. "ఎర్లీ యాక్సెస్ నాన్నా, అందరూ ఆడేస్తున్నారు" అని వాడంటాడు. మీరు చదువు సంగతి ఎత్తుతారు, వాడు గది తలుపు వేసుకుంటాడు. ఆ రెండున్నర వేలు అసలు దేనికన్న ప్రశ్న ఇద్దరి మధ్యా అలాగే ఉండిపోతుంది.

ఈ నెల ఆ ప్రశ్న గురించే రాస్తున్నాను. ఆటలు మంచివా, చెడ్డవా, రోజుకి ఎంతసేపు ఆడనివ్వాలి అన్నవి మనం ప్రతి మీటింగ్‌లోనూ మాట్లాడుకుంటూనే ఉన్నాం. పిల్లాడు డబ్బు పెట్టి కొంటున్నది ఏమిటి, దాని మీద ఏం ఆశ పెట్టుకున్నాడు అన్నది మాత్రం ఎవరూ అడగరు. నా ఉద్దేశంలో ముందు అడగాల్సింది అదే.

మాట మనకి కొత్తేం కాదు. 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైల్‌ని నిషేధించాక దాని బదులు బీజీఎంఐ వచ్చింది, గుర్తుందా? 2021 జూన్ 17న అది ముందు ఎర్లీ యాక్సెస్‌గానే వచ్చింది. అధికారికంగా విడుదలైంది జూలై 2న. మధ్యలో రెండు వారాలే, పైగా పైసా ఖర్చు లేదు. దాంతో ఎర్లీ యాక్సెస్ అంటే నలుగురికన్నా ముందు ఆడేయడం అని మన పిల్లల మనసులో నాటుకుపోయింది. కంప్యూటర్ ఆటల్లో ఆ మాటకి అర్థం వేరు. ఆట ఇంకా తయారవుతోంది, తయారవుతుండగానే డబ్బు కట్టి ఆడొచ్చు, పూర్తవడానికి నెలలు పట్టొచ్చు, ఏళ్లు పట్టొచ్చు అని అక్కడ దాని అర్థం.

ఈ తేడా బాగా తెలిసే ఉదాహరణ ఒకటి ఉంది. 2024 డిసెంబరు మొదటి వారం గుర్తుచేసుకోండి. 4వ తేదీ రాత్రి పుష్ప-2 ప్రీమియర్లు పడ్డాయి. మన రాష్ట్రంలో ఆ ఒక్క షోకి జీఎస్టీ కాక రూ.800 టికెట్‌కి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. రాజమండ్రి, కాకినాడ, భీమవరాల్లో సీక్వెల్ బెనిఫిట్ షో అంటే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. సరిగ్గా అదే వారంలో, మన గడియారం ప్రకారం 6వ తేదీ అర్ధరాత్రి దాటాక, ఇంకో సీక్వెల్ తెరుచుకుంది. దాని పేరు పాత్ ఆఫ్ ఎగ్జైల్ 2. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో ఉండే గ్రైండింగ్ గియర్ గేమ్స్ అనే కంపెనీ చేసిన ఆన్‌లైన్ యాక్షన్ రోల్ ప్లేయింగ్ గేమ్. ఒక పాత్రని ఎంచుకుని, రాక్షసుల్ని చంపుకుంటూ, ఆయుధాలూ నైపుణ్యాలూ పోగేసుకుంటూ ఆ పాత్రని నెలల తరబడి పెంచుకునే తరహా ఆట. స్టీమ్ అనే ఒక్క ఆన్‌లైన్ దుకాణం ద్వారానే మొదటి రోజుల్లో ఒకే సమయంలో 5.7 లక్షల మందికి పైగా ఆడారు. ధర 30 డాలర్లు, అప్పటి లెక్కన సుమారు రూ.2,500.

పుష్ప-2కి ఎక్కువ డబ్బులిచ్చినవాళ్లు చూసింది పూర్తయిన సినిమా. తరువాతివారం మామూలు టికెట్‌తో చూసినవాళ్లూ దాదాపు అదే చూశారు. పాత్ ఆఫ్ ఎగ్జైల్ 2కి ముందే డబ్బులిచ్చినవాళ్లకి దొరికింది సగం ఆట. మొత్తం పన్నెండు పాత్రలు ఉంటాయని చెప్పి, ఆ రోజు ఆరు ఇచ్చారు. కథలో ఆరు అంకాలని చెప్పి, మూడు ఇచ్చారు. ఆ మూడూ అయ్యాక అవే మూడింటిని ఇంకాస్త కష్టంగా మళ్లీ ఆడించారు. ఇంటర్వెల్ పడ్డాక మళ్లీ ఫస్టాఫే వేశారనుకోండి, మన థియేటర్లో కుర్చీలు మిగులుతాయా?

ఇందులో మోసం ఏమీ లేదు. ఇవన్నీ కంపెనీ ముందే చెప్పింది. ఎర్లీ యాక్సెస్ ఆటల పేజీ మీద ఇది పూర్తికాని ఆట, ఇక ముందు మారొచ్చు, మారకపోవచ్చు అని స్టీమ్ కూడా రాసి పెడుతుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి, పూర్తయ్యాక ఈ ఆట ఉచితం. మొదటి భాగం లాగే. అంటే ఆ రెండున్నర వేలు కట్టింది ఆట కోసం కాదు, ఆగలేకపోవడం కోసం. (న్యాయంగా చెప్పాలంటే, ఆ డబ్బుకి తగ్గ పాయింట్లు కూడా ఇచ్చారు, వాటితో ఆటలో అలంకారాలు కొనుక్కోవచ్చు.) ఈ ఉచితం అన్న ముక్క మీ అబ్బాయికి తెలుసేమో ఓసారి అడిగి చూడండి.

మీలో చాలామంది ఇలాంటి కొనుగోలు చేసే ఉంటారు. లాలాచెరువు వైపో, దివాన్‌చెరువు వైపో ప్రీ లాంచ్ ఆఫర్‌లో ఫ్లాట్ తీసుకున్నవాళ్లు మీలోనే ఉన్నారు. రేటు తక్కువని తీసుకుంటారు. రెరా నంబరు చూస్తారు, ఆ బిల్డరు ఇంతకుముందు కట్టినవి ఎలా ఉన్నాయో వాకబు చేస్తారు, ప్రతి ఆదివారం వెళ్లి ఏ స్లాబ్ దాకా వచ్చిందో చూసొస్తారు. అందులో ఎవరూ పిల్లర్లు లేచిన రోజునే గృహప్రవేశం పెట్టుకోరు. పిల్లలు పెట్టుకుంటారు. వాళ్లు బ్రోచర్‌లో స్విమ్మింగ్ పూల్ చూసి, టవల్ భుజాన వేసుకుని వెళ్తారు. అక్కడ గుంత కనిపిస్తే కోపం వస్తుంది.

ఆ కోపాన్నే మనం "గేమ్ పిచ్చి" అని కొట్టిపారేస్తున్నాం. దాని వెనక ఏముందో కొంచెం చూద్దాం.

ఈ సీక్వెల్ గురించి మొదట చెప్పింది 2019 నవంబరులో. అప్పుడు ఇది మొదటి ఆటతో కలిసిపోయే కొత్త కథ అన్నారు. 2023లో కాదు, రెండూ విడివిడి ఆటలు అన్నారు. ఎర్లీ యాక్సెస్ 2024 నవంబరు 15న అని చెప్పి, మూడు వారాలు వెనక్కి జరిపారు. పాత ఆటలో కొనుక్కున్న అలంకారాలు కొత్త ఆటలోనూ పనిచేసేలా చూడడానికి టైమ్ కావాలన్నారు. పదహారేళ్ల పిల్లాడికి అయిదేళ్లంటే జీవితంలో దాదాపు మూడో వంతు. అన్నేళ్లు ఎదురుచూసినవాడు ఆటని కాదు, తన ఊహని కొనుక్కుంటాడు. ఊహలో ఏ ఆటకీ బగ్స్ ఉండవు.

ఇంకో చిక్కుంది, ఇది ఇద్దరు పిల్లలున్న తల్లిదండ్రులకి వెంటనే అర్థమవుతుంది. మొదటి పాత్ ఆఫ్ ఎగ్జైల్ 2013 అక్టోబరులో పూర్తిస్థాయిలో విడుదలైంది. ఆ రోజు దానిలోనూ మూడే అంకాలు. పది అంకాలు అయింది 2017లో. ఆ తరువాత కూడా మూడు నాలుగు నెలలకోసారి కొత్త సరుకు చేరుతూనే ఉంది. ఆటగాళ్లు సీక్వెల్‌ని పోల్చింది 2013 నాటి పసిపిల్లతో కాదు, పదకొండేళ్లు పెరిగిన అన్నతో. "మీ అన్నయ్యని చూడు" అని మనం చిన్నవాడితో అనేటప్పుడు చేసేది కూడా ఇదే, అన్నయ్య ఆ వయసులో ఎలా ఉన్నాడో మనకి గుర్తుండదు. ఇక చిన్నది పుట్టాక పెద్దదాన్ని పట్టించుకోవడం తగ్గడం కూడా జరిగింది: 2024 జూలైలో పెద్ద అప్‌డేట్ వచ్చాక, మొదటి ఆటకి తరువాతిది 2025 జూన్‌లో గాని రాలేదు. పనిచేసేవాళ్లు సీక్వెల్ మీదికి వెళ్లిపోయారు. పాత ఆట అభిమానులు బాగానే అలిగారు.

అసలు గొడవ 2025 ఏప్రిల్‌లో అయింది. మొదటి పెద్ద అప్‌డేట్‌లో హంట్రెస్ అనే కొత్త పాత్ర ఇచ్చారు. దాంతోపాటు అప్పటిదాకా బలంగా ఉన్న చాలా నైపుణ్యాల బలం తగ్గించారు. నాలుగు నెలలు రాత్రులు మేలుకుని నేర్చుకున్న కిటుకు ఒక్క రాత్రిలో పనికిరాకుండా పోయింది. ఆట నెమ్మదించింది, పోరాటం చేసినదానికి తగ్గ బహుమతి దొరకడం లేదు అన్నారు. స్టీమ్‌లో కొత్తగా వచ్చే రివ్యూలు ఎక్కువ భాగం వ్యతిరేకంగా మారిపోయాయి. కంపెనీ కొద్దిరోజుల్లోనే వరుసగా మార్పులు చేసింది. ఆగస్టు చివర్లో నాలుగో అంకం వచ్చింది, డిసెంబరులో డ్రూయిడ్ అనే పాత్ర వచ్చింది. పన్నెండులో ఎనిమిది అయ్యాయి. పూర్తి ఆట ఏడాదిలోగా వస్తుందని అనుకున్నది, ఏడాది దాటినా ఎర్లీ యాక్సెస్‌లోనే ఉంది.

ఆ ఏప్రిల్ గొడవలో ఎవరిది న్యాయం? నా మటుకు నాకు ఇద్దరిదీ కొంత. ఎర్లీ యాక్సెస్ అంటేనే మార్చి చూడడం. మార్చొద్దంటే దాన్ని ఎర్లీ యాక్సెస్ అనడం ఎందుకు? కానీ డబ్బు పుచ్చుకున్నాక "ఇంకా తయారవుతోంది" అన్న మాట ప్రతి లోపానికీ గొడుగు కాకూడదు. మామూలుగా వస్తువుని పరీక్షించేవాడికి కంపెనీ జీతం ఇస్తుంది. ఇక్కడ పరీక్షించేవాడే కంపెనీకి ఎదురిస్తున్నాడు. అలాంటివాడికి ఏం మారుస్తున్నారో, ఎందుకు మారుస్తున్నారో ముందుగా చెప్పించుకునే హక్కుంది. తిట్టే హక్కు లేదు. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో పిల్లలకి ఎవరు చెబుతున్నారు? యూట్యూబ్‌లో అరిచేవాళ్లు మాత్రం చెప్పడం లేదు.

అన్ని సీక్వెళ్లూ ఇలా గట్టెక్కవు. కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ 2 అని రాకెట్లు తయారుచేసి అంతరిక్షంలోకి పంపే ఆట ఉంది. మొదటి భాగం సైన్స్ ఇష్టపడే పిల్లలకి ఎంతో నచ్చింది. రెండోది 2023 ఫిబ్రవరిలో 50 డాలర్లకి ఎర్లీ యాక్సెస్‌గా వచ్చింది. వేరే గ్రహాల మీద కాలనీలు, స్నేహితులతో కలిసి ఆడడం అన్నీ వస్తాయన్నారు. 2024లో దాన్ని తయారుచేస్తున్న స్టూడియోనే మూసేశారు. ఆ కాలనీలు రాలేదు. ఇంకోవైపు హేడిస్ 2 ఉంది. 2024 మేలో ఎర్లీ యాక్సెస్‌గా మొదలై, 2025 సెప్టెంబరులో పూర్తయి, ఆటగాళ్ల మెప్పు పొందింది. కొనే రోజున మూడిటి పేజీ మీదా ఒకే రకం హెచ్చరిక. ఏది ఇల్లవుతుందో, ఏది పిల్లర్లతో ఆగిపోతుందో ఆ పేజీ చూసి చెప్పలేం.

అందుకే మా పెద్ద తరగతుల పిల్లలకి నేను చెప్పే లెక్క ఒక్కటే: ఈ రోజు ఉన్నదానికే ఖరీదు కట్టు. రేపటి నుంచి ఒక్క అప్‌డేట్ కూడా రాకపోయినా ఇచ్చిన డబ్బు గిట్టుబాటే అనిపిస్తే కొను. రాబోయే పాత్ర కోసం, రాబోయే అంకం కోసం అయితే అది వచ్చాకే కొను. ఈ లెక్క భీమవరం వైపు నుంచి వచ్చే ఒక తండ్రిగారికి చెబితే ఆయన నవ్వేశారు. "మేడమ్, సీడ్ వేసిన రోజునే కౌంట్ ఎంతో చెప్పమంటే ఎవడు చెప్తాడండీ? చెక్ ట్రే చూసుకుంటూ పోవడమే" అన్నారు. రొయ్యల చెరువున్న ఇంట్లో పిల్లాడికి ఎర్లీ యాక్సెస్ అర్థం చెప్పడానికి ఇంగ్లిష్ టీచర్ అక్కర్లేదనిపించింది.

ఇంగ్లిష్ టీచర్‌గా నాకు ఇందులో ఒక స్వార్థం కూడా ఉంది. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా కంపెనీ ప్యాచ్ నోట్స్ అని విడుదల చేస్తుంది, అంటే ఏమేం మారాయో పూసగుచ్చినట్టు రాసిన పత్రం. పేజీలకి పేజీలు, బొమ్మలు ఉండవు, చాలా వాక్యాల్లో "ఇదివరకు ఇలా, ఇప్పుడు ఇలా, ఈ షరతు మీద తప్ప" అన్న మెలికలు. మా కాంప్రహెన్షన్ పాసేజ్ ఒక పేజీ దాటితే కుర్చీలో కదలడం మొదలుపెట్టే పిల్లలు దీన్ని అక్షరం వదలకుండా చదువుతారు. శాతాల్లో తేడా కూడా పట్టేస్తారు. మీ అబ్బాయి ఈ నోట్స్ చదువుతుంటే "మళ్లీ ఫోనా" అనే ముందు ఒక పేరా మీకు తెలుగులో చెప్పమనండి. చెప్పగలిగితే వాడికి ఇంగ్లిష్ వస్తోంది. చెప్పలేకపోతే, వాడి కోపం తను చదివినదాని మీద కాదు, ఎవరో వీడియోలో అరిచినదాని మీద.

పదో తరగతి ఇంగ్లిష్‌లో ఫిర్యాదు ఉత్తరం ఉంది. ఏళ్ల తరబడి ఒకటే మూస: కొన్న మిక్సీ పనిచేయడం లేదు, మార్చి ఇవ్వండి. మిక్సీ కొన్నది వాళ్లమ్మ, పిల్లలకి దాని మీద కోపం ఎందుకుంటుంది? ఈసారి మాటిచ్చి పూర్తిచేయని దేని గురించైనా రాయమన్నాను. మూడు నియమాలు పెట్టాను. వాళ్లు ఏం మాటిచ్చారో రాయాలి, మీకు ఏం అందిందో రాయాలి, ఇప్పుడు మీకు ఏం కావాలో రాయాలి. తిట్టు కనిపిస్తే మార్కు కట్. కొందరు ఆటల గురించి రాశారు. ఒకమ్మాయి వాళ్ల అపార్ట్‌మెంట్లో బిల్డరు పెడతానన్న రెండో లిఫ్ట్ గురించి రాసింది. ఒకబ్బాయి తొమ్మిదికి తొంభై శాతం వస్తే సైకిల్ కొంటానన్న వాళ్ల నాన్నగారి గురించి రాశాడు. (ఆ నాన్నగారు ఇది చదువుతుంటే, ఉత్తరం చాలా మర్యాదగా ఉందండి.)

కొన్ని విషయాలు తిన్నగా చెప్పేస్తాను. పాత్ ఆఫ్ ఎగ్జైల్ 2 మన హైస్కూల్ పిల్లల ఆట కాదు. నెత్తురు, భీభత్సం ఎక్కువ, అమెరికాలో దానికి ఇచ్చిన రేటింగ్ 17 ఏళ్లు నిండినవాళ్లకి. అన్నయ్య ఆడుతుంటే తమ్ముడు పక్కన కూర్చుని చూస్తున్నాడంటే అదీ ఆడినట్టే లెక్క. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టంతో ఆన్‌లైన్ ఆటలన్నీ నిషేధమైపోయాయని కొందరు అనుకుంటున్నారు. ఆ చట్టం ఆపింది డబ్బు పెట్టి డబ్బు గెలవాలని ఆడే ఆటల్ని. ఇలా వెల ఇచ్చి కొనుక్కునే ఆటలు దాని కిందికి రావు కాబట్టి, "గవర్నమెంటే ఆపేసింది" అని మీరు చెప్పే మాట పిల్లాడి దగ్గర నిలవదు. స్టీమ్‌లో కొన్న ఆటని 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే, తిరిగి ఇచ్చేసి డబ్బు వెనక్కి అడగొచ్చు. కాబట్టి కొన్న రోజు మొదటి గంట మీరూ పక్కన కూర్చోండి. గంట పూర్తయ్యాక ఉంచుకుందామా, ఇచ్చేద్దామా అని వాడినే అడగండి. పాస్‌వర్డ్ సంగతి కూడా: ఈ ఆటలోనే, సపోర్ట్ సిబ్బంది వాడే ఖాతా ఒకటి ఎవరో చేజిక్కించుకుని, కనీసం 66 మంది ఆటగాళ్ల ఖాతాల్లోకి దూరారని 2025 జనవరిలో కంపెనీయే ఒప్పుకుంది. మీ కార్డు వివరాలు ఆ ఖాతాలో సేవ్ చేసి ఉంచకండి.

ఈ నెల పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల లిస్టు పక్కనే పదో తరగతి పిల్లలు రాసిన ఉత్తరాల ఫైలు కూడా నా టేబుల్ మీద ఉంటుంది. మీ పిల్లాడి ర్యాంకు అడిగాక, అయిదు నిమిషాలు ఆగి అదీ చదివి వెళ్లండి. సైకిల్ ఉత్తరం మూడోది.